రాయిగా మారిన దవడ

1938 మార్చి 9, బుధవారం. ఉదయం 9:20. పెనుకొండ.

ట్రెజరీ ఆఫీసర్ చిన్నస్వామి ఇంట్లో గోడ బీరువా తెరిచి ఉంది. మూడో అరలో జానెడు జాగా ఖాళీ.

"కోట్ల ఏళ్ళ నాటి జంతువు దవడ, ఇన్‌స్పెక్టర్! రాయిగా మారిన ఎముక! రేపు కలకత్తా పండితులకు పంపాలి. ఆ పౌలుగాడే ఎత్తేశాడు!"

బల్ల మీద దూది పరిచిన చెక్కపెట్టె సిద్ధంగా ఉంది. ఖాళీగా.

ఇన్‌స్పెక్టర్ జయరాజు ధర్మవరం నుంచి అప్పుడే రైలు దిగి వచ్చాడు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి."

"పోయిందని తెలిసింది?"

"పొద్దున ఆరింటికి."

"రాత్రి ఇంట్లో ఎవరున్నారు?"

"నేను. నౌకరు పౌలు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఆంజనప్ప అరుగు మీద పడుకున్నాడు."

అరలో ఇంకా ఏడు రాళ్ళున్నాయి. అన్నీ ఎముకల్లాగే ఉన్నాయి. అన్నిటి మీదా దుమ్ము. మూడింటి మీద మాత్రం బొటనవేలంత చోట దుమ్ము లేదు.

"ఇక్కడ మీరు తుడిచారా?"

"నేనా? వాటిని ఎవరినీ తాకనివ్వను. ముందు ఆ దొంగతో కక్కించండి!"

పౌలు పెరట్లో కూర్చుని ఉన్నాడు. కుడిచేయి వాచిపోయింది. భార్య సుంకమ్మ తడిగుడ్డ చుడుతోంది.

"ఎవరు కొట్టారు?"

పౌలు తల వంచుకున్నాడు. సుంకమ్మ ఊరుకోలేదు.

"ఇంకెవురు సార్, అయ్యగారే! ఆఫీసు రూళ్ళకర్రతో. రెండు వేళ్ళు ఇరిగిపోయినాయి. ఇంకా జైలుకు పంపిస్తాడంట. పన్నెండేండ్లు ఆయప్ప రాళ్ళు మోసినాడు ఈయన. మేము యాడికి పోయి బతకల్ల?"

జయరాజు పౌలు పక్కనే కూర్చున్నాడు.

"పౌలూ, ఆ ఎముక ఎవరికి దొరికింది?"

"నాకే సార్. తిరుచ్చి కాడ వాగులో. నేనే తవ్వితి."

"ఎముకా, రాయా అని ఎట్ల కనిపెడతావు?"

పౌలు రెండు ముక్కల్లో చెప్పాడు. జయరాజు గబుక్కున లేచాడు.

అరుగు మీద ఆంజనప్ప తాంబూలం నములుతున్నాడు.

"నీ మూట ఏది?"

"పొద్దున 7:10 బండికి హిందూపురం పంపిస్తి సార్."

"రాళ్ళ సంగతి తెలుసా?"

"భలేవారే! చీర చూపిస్తే పోగు చెప్తా. రాళ్ళు కొనే పిచ్చోళ్ళు మా అంగడికి రారు సార్."

10:05కి జయరాజు స్టేషన్ నుంచి హిందూపురానికి టెలిగ్రాం కొట్టాడు.

సాయంత్రం 4:15. అందరూ ముందు గదిలో ఉన్నారు. జయరాజు జేబురుమాలు విప్పి ఒక రాయిని బల్ల మీద పెట్టాడు.

"పోయింది నకలు. అసలు దవడను సారు ట్రెజరీలో దాచారు. ఇదే అది."

చిన్నస్వామి నోరు తెరిచాడు. జయరాజు బల్ల కింద ఆయన కాలు తొక్కాడు.

ఆంజనప్ప ముఖం పాలిపోయింది.

"ఒకసారి చూడొచ్చునా సార్?"

రాయి తీసుకుని కిటికీ వైపు తిరిగాడు. తల వంచాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముఖంలో నవ్వు.

"మిమ్మల్నెవరో మోసం చేసినారు సార్. ఇది ఒట్టి రాయి."

"అవును. ప్లాట్‌ఫారం పక్కన ఏరుకొచ్చాను. నీకెట్ల తెలిసింది?"

ఆంజనప్ప నవ్వు ఆగిపోయింది.

"నాలుక ఆనించి చూశావు. రాయిగా మారిన ఎముక నాలుకకు అతుక్కుంటుంది. ఉత్త రాయి అతుక్కోదు. పౌలే చెప్పాడు. అరలో రాళ్ళ మీద ఉన్నవి నీ నాలుక మచ్చలే. మూడు నాకావు. నాలుగోది అతుక్కుంది. తన చేత్తో తవ్వి తీసినవాడికి నాకి చూసే ఖర్మేమిటి? పౌలు కళ్ళు మూసుకునైనా తీయగలడు!"

జేబులోంచి టెలిగ్రాం తీశాడు.

"హిందూపురం పార్సెల్ ఆఫీసులో నీ మూట విప్పారు. చీర మడతల్లో దవడ ఉంది. దానికి కట్టిన చీటీ మీద బెంగుళూరు అడ్రసు ఉంది. ఎవరో రాళ్ళు కొనే పిచ్చోడిది."

గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ వచ్చి ఆంజనప్పకు బేడీలు వేశాడు. చిన్నస్వామి ఆనందంతో లేచి నిలబడ్డాడు.

"దొరికిందా! ఎక్కడా విరగలేదు కదా?"

"విరిగింది సార్. రెండు చోట్ల."

ఆయన కుర్చీ పట్టుకున్నాడు. "అయ్యో! ఎక్కడ?"

"పౌలు కుడిచేతికి."

జయరాజు నోటుపుస్తకం తెరిచాడు.

"సుంకమ్మా, ఫిర్యాదు చెప్పు. రాసుకుంటాను."

"నౌకరును రెండు దెబ్బలు వేస్తే కేసా? నేను ట్రెజరీ ఆఫీసర్ని!"

"అదీ రాస్తాను. ఆ రూళ్ళకర్ర ఇటివ్వండి."

దూది పరిచిన పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది. జయరాజు రూళ్ళకర్రను అందులో పడుకోబెట్టి, మూత వేసి, లక్క సీలు కొట్టాడు.