ఈల ఆగిన చోట

అమెరికాలో నల్లవాళ్లు బానిసత్వం నుంచి విడుదలైన రోజుగా జరుపుకునే జూన్‌టీన్త్ పండగ పొద్దున అర్లీతా వంటింట్లో ఏటా ఎరుపుదే పెత్తనం. ఎర్ర సోడా సీసాలు ఐసులో మునిగి ఉన్నాయి. పుచ్చకాయలు బల్లంతా ఆక్రమించాయి. పెరట్లో పొగపొయ్యి మీద పంది పక్కటెముకలు నిదానంగా మగ్గుతున్నాయి. కూతురు డెలోరా గదిలోంచి బయటికి వచ్చేదాకా అర్లీతా హాయిగా పాడుకుంటూనే ఉంది.

డెలోరా ముతక గౌను వేసుకుని, తలకు గుడ్డ చుట్టి, నడుముకు ఏప్రన్ కట్టుకుంది. నది ఒడ్డున ఉన్న పాత పత్తితోట ఇప్పుడు మ్యూజియం. ఆనాటి మనుషుల వేషాలు కట్టి, ఆనాటి పనులు అక్కడ చేసి చూపిస్తారు. చరిత్రలో ఎమ్మే చదివిన డెలోరా అందులో దొరగారి బానిస వంటమనిషి.

"పండగపూట కూడా ఆ గుడ్డేనా?" అర్లీతా గరిటె పక్కన పడేసింది.

"పండగ కాబట్టేనమ్మా. ఇవాళ విడుదల ఆజ్ఞ చదువుతారు. మన చర్చి వాళ్లంతా వస్తున్నారు. నువ్వూ రా."

"నా కూతురు కట్టకూడదనే కదే, ముప్ఫై ఏళ్లు తెల్లవాళ్ల వంటిళ్లలో నేను ఏప్రన్ కట్టింది! నిన్ను అంత చదివిస్తే నువ్వు ఏరికోరి అదే కట్టుకుంటావా?"

"మనం చెప్పకపోతే ఆ తోటలో మగ్గిన మనవాళ్ల గురించి ఎవరు చెబుతారమ్మా?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మమ్మ ఆ తోట పేరు కూడా పలికేది కాదు. ఆ బట్టలతో ఇవాళ గడప దాటావో, రాత్రి నా బల్ల దగ్గర నీకు కుర్చీ ఉండదు."

డెలోరాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా గడప దాటింది.

కాసేపటికి అర్లీతా చెల్లెలు మోజెల్ పెద్ద ఈక ఉన్న చర్చి టోపీతో దిగింది. సంగతి విని నిట్టూర్చింది.

"పిల్లను పండగనాడు పస్తు పెడతావా అక్కా?"

"పస్తెందుకు? వెళ్లి జుట్టు పట్టుకుని లాక్కొస్తాను. కారు తియ్యి."

"జుట్టెక్కడ దొరుకుతుంది, తలగుడ్డ కట్టిందిగా?" అంది మోజెల్, కారు తాళాలు అందుకుంటూ.

తోటలో జనం తాడుకు ఇవతల నిలబడి ఉన్నారు. దొర మేడకు వంటపాక చాలా దూరం. పాకలోంచి డెలోరా మూత పెట్టిన పళ్లెంతో బయటికి వచ్చి, ఈల వేస్తూ మేడవైపు నడిచింది. పెదవులు ఒక్క క్షణం కూడా ఆపలేదు.

"అదేంటి, ఈల?" మోజెల్ గుసగుసలాడింది.

"వేయాలమ్మా. ఈల వినబడినంతసేపూ వంటమనిషి పళ్లెంలోది నోట్లో వేసుకోవడం లేదని దొరకు నమ్మకం," అన్నాడు పక్కనే ఉన్న చర్చి పెద్ద.

అర్లీతాకు తన రోజులు గుర్తొచ్చాయి. తను పనిచేసిన ఇంట్లో ఉప్పు చూద్దామని చుక్క నాలుక మీద వేసుకున్నా ఇంటావిడ మూతి ముడిచేది. తన తిండి ఎప్పుడూ పెరటి మెట్ల మీదే. ఈ మాట ఇన్నేళ్లలో కూతురికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

తాడు ఎత్తి లోపలికి దూరింది.

"డెలోరా! చాల్లే. ఆ పళ్లెం అక్కడ పడేసి ఇంటికి పద!"

జనమంతా అటు తిరిగారు. ఈల వణికింది. డెలోరా తల తిప్పకుండా, "ఇంకొంచెం దూరం నడవనీ అమ్మా," అని మెల్లగా అని మళ్లీ ఈల అందుకుంది.

మేడ అరుగు మీద సైనికుడి వేషంలో ఉన్న మనిషి కాగితం విప్పి, బానిసలందరికీ విడుదల అయిందని చదివాడు. ఈల ఆగిపోయింది. డెలోరా మెట్లెక్కలేదు. దారి మధ్యలో, ఆ దుమ్ములోనే కూర్చుంది. మూత తీసి, వేడి మొక్కజొన్న రొట్టె విరిచి నోట్లో పెట్టుకుంది. ఎవరి తొందరా లేనట్టు నమిలింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చర్చి పెద్ద గౌరవంగా టోపీ తీశాడు.

కూతురు తలవంచుతోందనుకుని ఇన్నాళ్లూ సిగ్గుపడింది అర్లీతా. తల వంచాల్సి వచ్చిన వాళ్ల పక్కన నిలబడుతోందని ఇప్పుడు తెలిసింది. తన పండగ గౌను మాసిపోతుందని కూడా చూడకుండా వెళ్లి కూతురి పక్కన చతికిలబడింది.

"ఇలా కూర్చోమని చెప్పారా మీ మ్యూజియం వాళ్లు?"

"లేదమ్మా. పళ్లెం అరుగు మీద పెట్టి నిలబడాలి. నువ్వు పిలిచాక నా వల్ల కాలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

"ఊడితే ఊడనీ. అమ్మను నేనున్నాను." అర్లీతా ముక్కు తుడుచుకుంది. "నాకూ ఓ ముక్క పెట్టవే."

డెలోరా రొట్టె విరిచి తల్లి నోట్లో పెట్టింది. దొర మేడ ఎదురుగా, అంతమంది చూస్తుండగా, అర్లీతా ఏడుస్తూనే కడుపారా తింది.