చప్పుడు లేని సంచి

రెండు చొక్కాలు, ఒక పంచె, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. తన్మయి ఒక్కొక్కటే మడతపెట్టి కౌంటరు మీదున్న సంచిలో సర్దుతోంది. సంచి పక్కన అరచేతి వెడల్పున శబ్దమాపకం ఉంది. లోపల ఒక వస్తువు పడ్డప్పుడల్లా దాని మీద ఒక అంకె వెలిగి ఆరిపోతోంది. ఆమె కూతురు అచ్చమ్మ స్టూలు మీద కూర్చుని ఆ అంకెలు రాసుకుంటోంది.

"ఇప్పుడు జిప్పు లాగమ్మా. మెల్లగా."

తన్మయి లాగింది. పన్నెండు వెలిగింది.

"గోడ మీద బల్లి నడిచినా పన్నెండు కంటే ఎక్కువే వస్తదమ్మా" అని అచ్చమ్మ నవ్వింది. "ఇంకేం పెడదాం? బయల్దేరే మనిషి ఇంకేం పెట్టుకుంటాడు?"

"చెప్పులు."

"చెప్పులు సంచిలో పెట్టుకోడు." ఆ మాట వెనక గదిలోంచి వచ్చింది. అన్నది వంశీధర్, తన్మయి భర్త. సంచి కుట్టింది అతనే. మిషను మీద వంచిన తల ఎత్తకుండానే చెప్పాడు. "చేత్తో పట్టుకుంటాడు. వీధి మలుపు తిరిగినాక తొడుక్కుంటాడు."

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాత్రలు పెట్టండి. అట్టలతో పెట్టమాకండి, చిటపటమంటయ్. విప్పి గుడ్డలో మూట కట్టాల."

అచ్చమ్మ రెండు విధాలా పెట్టి చూసింది. అట్టతో ముప్పయి ఒకటి వచ్చింది. మూటతో తొమ్మిది.

"ఓయబ్బో! ఏమయ్యా, ముప్పయ్యేళ్ళు కాపరం చేశాను. నీకింత తెలివుందని ఏనాడూ చెప్పలేదే!" అంది తన్మయి.

"నువ్వు అడగలా."

ముగ్గురూ నవ్వారు. మాత్రల మూటకు లోపలి వైపు ఒక చిన్న జేబు కుట్టాలని అచ్చమ్మ రాసుకుంది.

అది రెండువేల తొంభై మూడో సంవత్సరం నవంబరు నెల, ఒంగోలు. అప్పటికి అంగళ్ళు వెతుక్కుంటూ బజారుకు వెళ్ళే అలవాటు జనానికి పోయి పాతికేళ్ళు దాటింది. ప్రతి మనిషి చెవిలోనూ కందిగింజంత చెవిపూస ఉండేది. కావలసినది పెదవి కదిపీ కదపనట్టు గొణిగితే చాలు, పూస ఒక అంగడి పేరు చెప్పేది. అవునంటే సాయంత్రానికి సరుకు గుమ్మంలో ఉండేది. ఇంట్లో, వీధిలో, బస్సులో అందరూ ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేవారు కాబట్టి పక్కవాడు ఏం గొణుగుతున్నాడో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

జనం గొణిగిన మాటలకు కోరుమాటలని పేరు. పూసల సంస్థ నెలకొకసారి వాటి పట్టిక అంగళ్ళవాళ్ళకు పంపేది. ఏ మాట ఎన్నిసార్లు అడిగారు, ఏ సందు నుంచి అడిగారు అన్నది అందులో ఉండేది. అడిగినవాడి పేరు ఉండేది కాదు. పట్టిక వేసేముందు పొట్టు తీసేవారు. నేను, మా, ఇంట్లో, ఎందుకు, ఇక, ఎట్లా, ఇలాంటివన్నీ పొట్టు. అమ్మకానికి పనికొచ్చే గింజ మాత్రమే మిగిలేది. ఆరు నెలలపాటు పూస నోట పేరు రాని అంగడి మూగజాబితాలోకి వెళ్ళేది. ఆ తర్వాత పూస ఇంకెప్పటికీ దాని పేరు పలకదు. అప్పుడిక తలుపు మూసుకోవడమే.

తన్మయి అంగడి పేరు వంశీ సంచుల అంగడి. పూస ఆ పేరు పలికి అయిదు నెలలయింది. డిసెంబరు నెలాఖరు దాకానే గడువు.

అచ్చమ్మ కోరుమాటల చదువు చదివి వచ్చింది. అమ్మమ్మల కాలం నాటి పేర్లు మళ్ళీ అందరికీ ముద్దొచ్చిన తరం ఆమెది. అక్టోబరు పట్టిక రాగానే తల్లిని కూర్చోబెట్టుకుంది.

"ప్రయాణపు సంచి అనే మాట పట్టుకోవే" అంది తన్మయి. "లక్షమంది అడిగారంట గదా."

"లక్షమంది అడిగినా దాని మీద నాలుగొందల కంపెనీలు కూర్చున్నయ్ అమ్మా. అక్కడ మనం అరిస్తే తిరనాళ్ళలో పీక ఊదినట్టుంటది. ఎవుడికి వినపడుద్ది?"

"మరెట్టా?"

"ఎవురూ పట్టించుకోని చిన్న మాట కావాల. అడిగేది పదిమందే అయినా, ఆ పదిమందీ అదే కావాలని అడగాల. ఇంకోటి చూపిస్తే వద్దనాల. అట్టాంటి మాట."

మూడు రోజులు వెతికితే దొరికింది. చప్పుడు లేని సంచి. గడిచిన మూడు నెలల్లో నలభై ఆరుసార్లు అడిగారు. దేశంలో ఏ అంగడీ ఆ మాట తీసుకోలేదు, అంటే దాని కింద తన పేరు రాయించుకోలేదు. నలభై ఆరింటిలో ముప్పయి కర్నూలు రోడ్డు మూడో సందు నుంచి వచ్చాయి. అది వాళ్ళ సందే.

ఆ అంకె చూసి అచ్చమ్మ పెదవి విరిచింది. తన్మయికి ఒక చెడ్డ అలవాటుంది. అంగడి పేరు పూస పలుకుతుందేమోనని తోచిన మాటల్లా గొణిగి చూస్తుంది. వంట చేస్తూ, బట్టలారేస్తూ రోజంతా అదే పని. ఈ ముప్పయీ అమ్మ చలవేనని అచ్చమ్మ అనుకుంది. సొంత గొంతును గిరాకీ అనుకోవడం ఈ చదువులో మొదటి తప్పని గురువులు నేర్పారు. అందుకని ముప్పయీ కొట్టేసింది. పదహారు మిగిలింది.

తన్మయి కూడా ఆ అంకె చూసింది. పిల్ల కొత్తగా చదివి వచ్చింది కదా, పూసను పరీక్ష చేసి ఉంటుందని అనుకుంది.

ఇద్దరిలో ఎవరూ రెండోవారిని అడగలేదు.

"పదహారు మంది చాలమ్మా" అంది అచ్చమ్మ. "నాన్నా! చప్పుడు కాని జిప్పు కుట్టగలవా?"

వంశీధర్ చేతిలోని జిప్పును ఒకసారి లాగి చూశాడు. "కుట్టొచ్చు" అన్నాడు చివరికి. "పళ్ళ జిప్పు కాదు. మైనం పూసిన గుడ్డ అంచులు ఒకదానిలో ఒకటి దూరేటట్టు పెట్టాల. పదిరోజులు పడుద్ది."

అతను తొమ్మిది రోజుల్లో కుట్టాడు.

డిసెంబరు పన్నెండున పూస మళ్ళీ వంశీ సంచుల అంగడి అని పలికింది. తన్మయి చెవి పట్టుకుని ఏడ్చింది. నెలాఖరుకు రెండువందల పది సంచులు పోయాయి. మూగజాబితాలో వాళ్ళ పేరు రాలేదు.

ఒక్క విషయం మాత్రం వింతగా ఉండేది. ఈ సంచి కొన్నవాళ్ళు ఇంటికి పంపమనేవారు కాదు. అద్దంకి నుంచి, మార్కాపురం నుంచి బస్సెక్కి తామే వచ్చి తీసుకునేవారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. కొందరు ముసలివాళ్ళు. బేరమాడేవారు కాదు. ఎక్కడికని ఎవరైనా అడిగితే ఊరికేనండీ అనేవారు.

జనవరి ఆఖరు వారంలో కందుకూరు నుంచి ఒక ముసలాయన వచ్చాడు.

"సంచుల తల్లివి నువ్వేనా అమ్మా?"

"నేనే తాతా. ఏం కావాల?"

"నాకేం వద్దు. మా కోడలు నీ సంచిలో సర్దుకుని పోయింది. మజ్జానం పూట నేను పక్క మంచంలోనే ఉన్నా. కునుకు కూడా పట్టలా. అయినా చెవిన పళ్ళా. అంత బాగా కుట్టారు."

తన్మయి మొహం మాడ్చుకుంది. "సంచి మనుషుల్ని పంపిస్తదా తాతా? పోవాలనుకున్న మనిషి గోనె సంచిలోనైనా సర్దుకుంటది."

"గోనె సంచయితే గరగరమనేదిగా తల్లీ. లేచి కూర్చునేవాణ్ణి. ఏడకమ్మా అని అడిగేవాణ్ణి. ఒక్కమాట అడిగితే ఆగేదేమో, ఎవురికి తెలుసు?"

వంశీధర్ మిషను ఆపి లేచి వచ్చి ముసలాయనకు మంచినీళ్ళిచ్చాడు. బస్సు దాకా తోడు వెళ్ళాడు. గంటన్నరకు తిరిగి వచ్చాడు.

"ఏం మాట్లాడుకున్నారయ్యా ఇంతసేపు?"

"సంచి గురించే."

తన్మయి ఇంకేదో అడగబోయింది. అంతలో పూసలో ఎవరో అయిదు సంచులు కావాలన్నారు. అటు తిరిగి బదులు చెప్పింది. అతను కాసేపు అక్కడే నిలబడి, మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళాడు.

ఆ కాలంలో ఫిబ్రవరికే ఎండ సెలవులు మొదలయ్యేవి. పన్నెండు నుంచి నాలుగు దాకా వీధిలో ఎవరూ తిరగకూడదని కట్టడి. ఊరంతా తలుపులు వేసుకుని పడుకునేది. ఫిబ్రవరి పదిహేడో తేదీన కూడా తన్మయి ఇంట్లో భోజనాలయ్యాక అందరూ పడుకున్నారు. నాలుగింటికి తల్లీ కూతుళ్ళు లేచి అంగడి తెరిచారు. అచ్చమ్మ పట్టికలు ముందేసుకుంది.

"మంచిపని చేశావమ్మా" అంది చూపు తిప్పకుండా.

"ఏంటే?"

"మన సందులోంచి అడగటం మానేశావుగా. నవంబరు నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు. లెక్క శుభ్రంగా ఉంది."

"నేనెప్పుడు అడిగానే?"

"చప్పుడు లేని సంచని ముప్పయిసార్లు అడగలా నువ్వు? అంగడి పేరొస్తదేమోనని?"

"నా నోటికి ఆ మాట ఎట్టా వస్తదే? నువ్వు చెప్పిందాకా నేనసలు వినలా. నువ్వే పరీక్ష చేశావనుకున్నా."

అచ్చమ్మ కలం కింద పెట్టింది. ఈ సందులో నాలుగు ఇళ్ళున్నాయి. రెండు తాళాలు వేసి ఉన్నాయి. మూడో ఇంట్లో బడి సామాను గోదాము. నాలుగోది ఇది.

ఇద్దరూ వెనక గది వైపు చూశారు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ మీద చెవిపూస ఉంది.

దారం కోసం వెళ్ళి ఉంటాడని తన్మయి అంది. ఏడింటికి కూడా అదే అంది. మర్నాడు పోలీసులు వచ్చి పూసను సీసాలో వేసుకున్నారు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి తన ఇష్టంతో వెళ్ళాడని రాసుకుని, పూస లేని మనిషిని వెతకడానికి దారి లేదని చెప్పి వెళ్ళిపోయారు.

వంశీధర్ పూస పట్టిక పొట్టు తీయకుండా కావాలంటే కారణం రాసి సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. అచ్చమ్మ పెట్టుకుంది. ఎనిమిది రోజులకు వచ్చింది. తల్లి మంచం మీద కూర్చుని ఉంటే, ఆమె నేల మీద కూర్చుని తేదీల వరసన చదివింది. అడిగిన మాట, దాని కింద పూస చెప్పిన బదులు.

జూన్ నాలుగు. "ఇంట్లోవాళ్ళు మనతో మాట్లాడాలంటే ఏం చెయ్యాల?" బదులు: వస్తువు పేరు చెప్పండి.

జూన్ తొమ్మిది. "మా ఆమె పొద్దస్తమానం నీతోనే మాట్లాడతంది. నాతో ఒక్కమాట మాట్లాడించగలవా?" బదులు: ఇద్దరు కూర్చునే ఉయ్యాల, మూడు అంగళ్ళలో ఉంది.

జూలై రెండు. "నాకు ఈడ ఏం పని లేదు. ఎవురూ ఏమీ అడగరు." బదులు: వస్తువు పేరు చెప్పండి.

జూలై ఇరవై. "ఏడకన్నా పోవాల." బదులు: ప్రయాణపు సంచి, నాలుగువందల పన్నెండు అంగళ్ళలో ఉంది.

ఆగస్టు ఒకటి. "ఎవుర్నీ లేపకుండా పోవాలంటే చప్పుడు లేని సంచి ఏదన్నా ఉందా?" బదులు: దొరకదు.

ఆగస్టు నాలుగు. అదే మాట. దొరకదు. ఆగస్టు ఏడు. దొరకదు. అచ్చమ్మ ముప్పయీ చదివింది. మాట మధ్య మధ్య కొంచెం మారుతూ వచ్చింది. చివర్లో మూడే మాటలు మిగిలాయి. అక్టోబరు పంతొమ్మిదిన ఆఖరిది. దొరకదు.

"దొరక్కపోబట్టే ఇన్నాళ్ళు ఉన్నాడమ్మా" అంది అచ్చమ్మ.

తన్మయి పట్టిక తీసుకుని మడిచింది. ఆమెకు ఏడుపు రాలేదు. చాలాసేపు దిండు గలేబు అంచు సరిచేస్తూ కూర్చుంది. తర్వాత, బయట ఎవరో వచ్చినట్టున్నారు చూడమని కూతురితో అంది. దర్శి నుంచి ఒకావిడ సంచి కోసం వచ్చింది. అచ్చమ్మ ఎక్కడికమ్మా అని అడిగింది. ఊరికేనండీ అందామె. అచ్చమ్మ మళ్ళీ అడిగింది. ఆమె సంచి తీసుకోకుండా వెళ్ళిపోయింది. పక్క ఊళ్ళో ఇంకో అంగడివాళ్ళు కూడా అప్పటికే ఆ మాట తీసుకున్నారు.

మార్చిలో వంశీ సంచుల అంగడి జిల్లాలో మూడో స్థానానికి వచ్చింది. మిషను మీదికి వేటపాలెం నుంచి కొత్త మనిషిని పెట్టుకున్నారు. తన్మయి చెవిపూస తీసేసి పని చేయడం మొదలుపెట్టింది కానీ, పూస లేకపోతే గిరాకీ తెలియదు కాబట్టి పది రోజులకు మళ్ళీ పెట్టుకుంది.

చిమ్మిరి వంశీధర్ 2094 ఫిబ్రవరి 17, బుధవారం, మధ్యాహ్నం పన్నెండుకూ నాలుగుకూ మధ్య ఇల్లు వదిలి వెళ్ళాడు. తిరిగి రాలేదు.