ఆమె సర్దిన పక్క

పని అయిపోయాక గానీ తను ఏం చేసిందో ఆ తల్లికి తెలిసిరాలేదు. పక్క సర్దేసింది! దుప్పటి బిగువుగా లాగి, మూలలు పరుపు కిందకి దోపి, తువాళ్లు మడతపెట్టి, స్నానాలగది అద్దం కూడా తుడిచేసింది. ఇరవై రెండేళ్ల అలవాటు... పొద్దున్నే లేస్తే చేతులు ఊరుకుంటాయా?

కూతురు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పెళ్లి మాటలకని ఈ హోటల్లో ఉండేది రెండే రోజులు, ఏ పనీ ముట్టుకోవద్దంది. కాబోయే అత్తగారితో మా అమ్మ హోటల్ మేనేజరని చెప్పానంది. ఆవిడ దిగింది పక్కగదిలోనే.

కోటకు ఎదురుగా, పాత రాజమహల్‌ని బాగుచేసి పెట్టిన పెద్ద హోటల్ ఇది. తల్లి పనిచేసేది కోట వెనక సందులో, నలభై గదుల మామూలు హోటల్. అక్కడ వేడినీళ్లు రావాలంటే కుళాయి తిప్పి కాసేపు ఆగాలి. రాకపోతే "అక్కా" అని కేకేస్తే తను బకెట్టుతో పరిగెత్తుతుంది. ఇక్కడ చెయ్యి పెట్టగానే వేడినీళ్లు. కానీ మంచం పక్కన పదకొండు స్విచ్‌లున్నాయి, ఏది దేనికో చెప్పే మనిషి లేదు.

తలుపు చప్పుడైంది. కూతురితోపాటు కాబోయే వియ్యపురాలు వచ్చింది. లైటు ఆర్పడం చేతకాక సరిగ్గా నిద్రే పట్టలేదని విసుక్కుంటూ మంచం చూసి ఆగిపోయింది. మీ గది అప్పుడే సర్దేశారా, మా వైపు ఎవరూ రాలేదే అంది. అంతలో బండి తోసుకుంటూ గదులు సర్దే అమ్మాయి రానే వచ్చింది. దుప్పటి మూల పట్టుకుని చూడగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

"ఈ మూల మా వాళ్లు దోపింది కాదు. మీదీ మా పనేనా అమ్మా?"

తల్లి ఏదో ఊసుపోక చేశానని గొణుగుతూ, సబ్బునీళ్లకి పగిలిన చేతులు వెనక్కి దాచుకుంది. అది కూతురు చూసింది. అమ్మ ఆ చేతులు దాచుకోవడం పుట్టి బుద్ధెరిగాక తను చూడలేదు. దాచుకునేలా చేసింది తనే...

"మా అమ్మ మేనేజరు కాదండీ," అంది కూతురు, అమ్మ పక్కకి వచ్చి నిలబడి. "వెనక సందు హోటల్లో గదులు సర్దుతుంది. నేనే అబద్ధం చెప్పాను. అమ్మ తప్పేం లేదు."

పనమ్మాయి చల్లగా బండితో జారుకుంది. సంబంధం చేజారిపోయినట్టేననుకుంది తల్లి.

"ఇంకేమైనా దాచావా?" అంది కాబోయే అత్తగారు.

"లేదండీ."

ఆవిడ మంచం అంచున కూర్చుని, దుప్పటిని చేత్తో నిమిరింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"నాకు కోపం వచ్చింది. మీ పని మీద కాదు, ఈ పిల్ల అబద్ధం మీద. అది తగ్గడానికి రెండు రోజులు పడుతుంది. మీ హోటల్ గదిలో స్విచ్‌లెన్ని?"

"రెండేనండీ... ఫ్యానుకొకటి, లైటుకొకటి."

"అయితే కోపం తగ్గేదాకా అక్కడే ఉంటాను. వెళ్లి సామాను సర్దుకుంటాను."

ఆవిడ వెళ్లాక మంచం మీద దుప్పటి నలిగి ఉంది. కూతురు కళ్లు తుడుచుకుని అవతలి వైపుకి నడిచింది. చిన్నప్పుడు బడి నుంచి అమ్మ పనిచేసే హోటల్‌కి వచ్చి సాయంగా పట్టుకున్నట్టే, రెండు చేతులా మూల పట్టుకుంది.

"లాగు అమ్మా," అంది.