నెమ్మదిగా పెరిగేవి

శనివారం పొద్దున ఎండ మొహం మీద పడ్డాక గానీ నమ్రతకు మెలకువ రాలేదు. ఇంకెవరైనా అయితే ముసుగు తన్ని మళ్ళీ పడుకునేవారు. ఆమె గుండె మాత్రం గుభేలుమంది. తెల్లారేసరికి ల్యాబ్‌లో ఉండాల్సిన మనిషి మరి! ఒక్క పరుగున వంటగదిలోకి వచ్చింది.

"తేజా, నా అలారం ఎందుకు మోగలేదు?"

స్టవ్ దగ్గర ఉప్మా కలుపుతున్న భర్త తేజేశ్వర్ తలెత్తలేదు. "నేనే ఆఫ్ చేశాను. కాసేపు పడుకుంటావని."

నమ్రత కుర్చీలో కూలబడింది. శాంటా క్లారాలో ఓ చిన్న మందుల కంపెనీలో ఆమె పని బ్యాక్టీరియాతో. ఒక్కో కణం తన లోపల ఉంగరంలా చుట్టుకున్న ఒక్కో రకం పెప్టైడ్‌ను, అంటే ఓ బుల్లి ప్రోటీన్ ముక్కను, తయారుచేస్తుంది. అలాంటి లక్షల రకాల్లో ఏదో ఒకటి మందుగా పనికొస్తుందని ఆశ. కాకపోతే వాటి పెరుగుదలను వేళకు ఆపాలి. లేదంటే దూకుడుగా పెరిగే కణాలు తిండంతా తినేసి, నెమ్మదిగా పెరిగేవాటికి చోటు లేకుండా చేస్తాయి. వాటితోపాటే వాటి పెప్టైడ్‌లూ పోతాయి.

"ఈపాటికి అంతా పాడైపోయుంటుంది. ఫ్రీజర్‌లో స్టాక్ ఉంది కానీ, మళ్ళీ పెంచాలంటే సోమవారం మీటింగ్‌కి అవ్వదు. అక్కడ చూపించడానికి ఏమీ లేదని ప్రాజెక్ట్ క్యాన్సిల్ చేస్తే నా జాబ్ పోతుంది. జాబ్ పోతే మనిద్దరి వీసా! ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగితే పడుకునేదానివా?"

"నా పనంటే నీకెందుకంత చులకన?"

అప్పుడు తిరిగాడు తేజేశ్వర్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చులకనా? నిద్రలో ఏడుస్తున్నావు నమ్రతా. రోజూ. 'ఒక్క నిమిషం, వచ్చేస్తున్నా' అని ఎవరినో బతిమాలుతున్నావు. పక్కనే పడుకుని అంతా వింటున్నాను. ఇక నా వల్ల కాలేదు. నేను చేసింది తప్పే. తెలుసు."

నమ్రతకు ఆ సంగతి తెలియదు. కోపం పోయింది, దాని కింద అణిచిపెట్టిన అలసట మాత్రం మిగిలింది. పాపం, ఎన్నాళ్ళనుంచి మోస్తోందో!

ఫోన్ తీసి బాస్‌కు కాల్ చేసింది. నిద్రపోయానని, బ్యాచ్ పోయిందని, సోమవారానికి ఏమీ చూపించలేనని చెప్పింది. భర్త పేరు ఎత్తలేదు. "చాలా అలిసిపోయాను" అని కూడా అంది. ఆ మాట ఆమె నోట రావడం ఇదే మొదలు. అవతలివైపు, సోమవారం మాట్లాడదాం అన్నారు, అంతే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ గొంతులో తెలియలేదు.

తేజేశ్వర్ స్టవ్ ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. నమ్రత అతని భుజం మీద తల వాల్చి ఏడ్చింది, ఈసారి మెలకువగానే.