గొడుగుల కేసులో అబ్జెక్షన్

"సీనియర్ గారికి పన్ను నొప్పి, యువర్ ఆనర్. రెండు వారాలు వాయిదా కోరుతున్నాం."

కుర్ర వకీలు ఈ మాట ఎంత దిగులుగా అన్నాడంటే, వెనక బెంచీలో ఎవరో తమ దవడ తడుముకున్నారు. దివాలా కోర్టులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ‘వాయిదా’ అనే పిలిచేవారు. సీనియర్ గారి బంధువులందరినీ ఒకరి తరవాత ఒకరిని ఆస్పత్రిలో చేర్పించి, మళ్లీ క్షేమంగా ఇంటికి చేర్చిన ఘనుడు మరి.

అవతలి బల్ల దగ్గర, బ్యాంకు తరఫున కొత్తగా వచ్చిన అమ్మాయి లేచి నిలబడింది.

"అబ్జెక్షన్, యువర్ ఆనర్. ఆ పన్ను క్రితం నెల ఇంకో కేసులో పీకించేశారు. ఈ కోర్టులోనే చెప్పారు. నేను వెనక కూర్చుని విన్నాను."

కోర్టు గొల్లుమంది. జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఏమయ్యా, ఏ పన్ను?" అన్నారు.

"అది కింది పన్ను, యువర్ ఆనర్. ఇది పైది."

వాయిదా దొరికింది, పరువు పోయింది. బయటికి వెళుతూ ఆ అమ్మాయి అతని వంక ఓ చూపు చూసింది. ఆ చూపుకి అతనికి నిజంగానే పన్ను జివ్వుమంది.

కేసు ఓ గొడుగుల ఫ్యాక్టరీది. వానలు వరసగా ముఖం చాటేయడంతో దాని యజమాని, అంటే మన గొడుగుల పెద్దాయన, అప్పుల్లో నిండా మునిగాడు. వాన లేక మునిగిన మనిషి లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. అప్పిచ్చినవాళ్లు ఓటేసి, మెల్లగా బాకీ తీరుస్తానన్న ఆయన ప్లాను ఒప్పుకుంటే ఫ్యాక్టరీ నడుస్తుంది. లేదంటే మిషన్లు తూకానికి, గోడౌన్‌లో గొడుగులు వేలానికి, పనివాళ్లు రోడ్డు మీదికి. ఓట్లలో పెద్ద వాటా బ్యాంకుది.

పెద్దాయన తరఫున వాదించే సీనియర్ గారి స్ట్రాటజీ చాలా సింపుల్. "వానాకాలం దాకా లాగవోయ్. నిప్పులు చెరిగే ఎండల్లో గొడుగుల ఫ్యాక్టరీకి ఎవడు ఓటేస్తాడు?"

"ఎండకి కూడా వేసుకోవచ్చు కద సార్?"

"మన నల్ల గుడ్డ కింద నిలబడితే మనిషి ఉడికిపోతాడు. నోర్మూసుకుని లాగు."

అతను లాగాడు. ఆ అమ్మాయి ప్రతిసారీ లేచి అడ్డం పడింది. "ఆలస్యమయ్యే కొద్దీ ఆస్తి విలువ పడిపోతుంది, యువర్ ఆనర్. ఊచలు తుప్పు పడతాయి. గుడ్డని చిమ్మటలు కొట్టేస్తాయి." గుమాస్తాలు ఆమెకి ‘అబ్జెక్షన్’ అని పేరు పెట్టేశారు. వాయిదా, అబ్జెక్షన్ ఒకేరోజు వస్తున్నారంటే పనిలేని లాయర్లు కూడా ముందుగానే వచ్చి బెంచీలు ఆక్రమించేవాళ్లు.

ఈ గొడవలో పడి మనవాడు ఓ ముఖ్యమైన సంగతి ఆలస్యంగా గమనించాడు. ఆమె లేచి నిలబడగానే అతను వాదన మర్చిపోతున్నాడు. ఆమె కోర్టుకి రాకపోతే ఆ రోజు వాయిదా దొరికినా రుచించడం లేదు.

ఓ మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర ధైర్యం చేశాడు. "ఒక కాఫీ తాగుదామా అండీ?"

"ఎదుటి పార్టీ లాయరుతో, కేసు నడిచినంత కాలం నేను కాఫీ తాగను. అది నా రూల్."

"పోనీ టీ?"

"అదీ తాగను."

"కేసు అయిపోయాక?"

ఆమె ఫైళ్లు చంకలో సర్దుకుంది. పెదవి చివర నవ్వొకటి వచ్చీరానట్టు వచ్చింది. "అయ్యాక చూద్దాం. అవనిస్తారా మీరు?"

అయ్యో రామా! ఇన్నాళ్లూ అతను వాయిదా వేసింది తన కాఫీనన్నమాట. లాగడంలో అతనంత మొనగాడు లేడు. ఆ మొనగాడితనం కాస్తా ఇప్పుడు తన మెడకే చుట్టుకుంది.

ఇది చాలదన్నట్టు, తరవాతి వాయిదా నాడు వరండాలో ఆమె ఫోన్ మాటలు చెవిన పడ్డాయి.

"చెప్పాగా అత్తయ్యా! ఈ కేసు అయిపోగానే ఆ డెంటిస్టు సంబంధం సంగతి తేల్చేస్తాను. అంతవరకూ అడక్కు."

డెంటిస్టు! పన్నుతో మొదలైన కథ పళ్ల డాక్టరు దగ్గర తేలేలా ఉందే! అందుకా అంత తొందర, అందుకా అన్ని అబ్జెక్షన్లు! కేసు నడిస్తే కాఫీ లేదు, ముగిస్తే పెళ్లి. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు.

ఆఖరి హియరింగ్ రానే వచ్చింది. ఆకాశం నిండా మబ్బులున్నాయి, చినుకు మాత్రం లేదు. కోర్టు మెట్ల మీద గొడుగుల పెద్దాయన తలెత్తి పైకే చూస్తున్నాడు.

"బాబూ, ఇంకొక్క రెండు వారాలు ఇప్పించు. ఈసారి తప్పకుండా పడతాయి. నా పనివాళ్లందరూ ఇంటి దగ్గర గుమ్మాల్లో కూర్చుని ఇలాగే చూస్తున్నారు నాయనా."

సీనియర్ గారు చెవిలో ఊదారు. "ఈసారి నా మోకాలు అని చెప్పు."

అతను లేచాడు. ఆమె వైపు చూడలేదు. చూస్తే ఏం అడుగుతాడో అతనికే నమ్మకం లేదు.

"యువర్ ఆనర్, మా సీనియర్ గారి మోకాలు బాగానే ఉంది." సీనియర్ గారు దగ్గారు. "పళ్లు కూడా బాగున్నాయి. మేం వానల కోసం ఆగుతున్నాం. మొదటినించీ అందుకే ఆగుతున్నాం. వానలు పడితే ఆ సరుకు అమ్ముడవుతుంది, ఫ్యాక్టరీ నిలబడుతుంది. రెండు వారాలు ఇప్పించండి. ఇదే ఆఖరు."

అందరూ అవతలి బల్ల వైపు తిరిగారు. ఆమె లేచింది. గుమాస్తా ఒకడు అలవాటుగా ‘అబ్జెక్షన్’ అని అప్పుడే రాసేసుకున్నాడు.

"అభ్యంతరం లేదు, యువర్ ఆనర్."

జడ్జిగారు కళ్లజోడు తీసేశారు. "ఏమన్నారు?"

"అభ్యంతరం లేదన్నాను. నిన్న గోడౌన్‌కి వెళ్లి చూసొచ్చాను. తుప్పు లేదు, చిమ్మటలూ లేవు. ఇప్పుడు వేలం వేస్తే మా బ్యాంకుకి వచ్చేది తక్కువ. వానలకి ఆగితేనే మాకు లాభం. ఇన్నాళ్లూ నేను చెప్పింది పొరపాటు. బ్యాంకు వాళ్లకీ అదే చెప్పాను, ఒప్పుకున్నారు."

గుమాస్తా రాసింది కొట్టేశాడు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. మనవాడు మాత్రం గెలిచి కూడా ఏడుపు ముఖం పెట్టాడు. కేసు ఇంకా నడిచినా ఆమెకి ఫరవాలేదట. అంటే కాఫీ మీద ఏ ఆశా లేదన్నమాట!

గడువు ఇంకా ఉండగానే వాన అందుకుంది. మామూలు వానా అది! వీధులు చెరువులయ్యాయి. జనం దుకాణాల మీద విరుచుకుపడ్డారు. పెద్దాయన గోడౌన్‌లో సరుకంతా అమ్ముడైపోయింది. అప్పులవాళ్లు తడిసిన బట్టలతోనే మీటింగుకొచ్చి, ప్లానుకి చేతులెత్తి ఓటేశారు. జడ్జిగారు సంతకం పెట్టి, "ఇక ఎవరి పన్నూ నొప్పి పెట్టనక్కర్లేదు," అని లేచి వెళ్లిపోయారు.

కోర్టు మెట్ల మీద మనవాడు వానని చూస్తూ నిలబడిపోయాడు. గొడుగు లేదు.

"ఒక్కటన్నా మిగల్చలేదా పెద్దాయనా, మీ లాయరుకి?"

"ఒక్కటీ లేదు బాబూ!" ఆయన ఆనందం పట్టలేక వానలోకే నడిచిపోయాడు.

వెనకనించి టప్‌మని గొడుగు విచ్చుకుంది. అబ్జెక్షన్! "రండి. ఇది ఆ ఫ్యాక్టరీదే. కొన్నాను, ఊరికే తీసుకోలేదు."

ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసి ముద్దయ్యాయి. ఇద్దరిలో ఎవరూ దగ్గరికి జరగలేదు, దూరంగానూ జరగలేదు.

"ఆ గోడౌన్ నేను ముందే చూసి ఉండాల్సింది," అందామె. "తొందరలో పడి చూడలేదు."

"తెలుసండీ. డెంటిస్టు తొందర."

ఆమె ఆగిపోయింది. "డెంటిస్టా? ఆయన్ని ఎలా తప్పించుకోవాలో తెలీక కేసు పేరు చెప్పి అత్తయ్యని ఆపాను. మీ దగ్గర నేర్చుకున్న విద్యే! నా తొందర కాఫీ తొందర. మొద్దబ్బాయీ, అది కూడా అర్థం కాలేదా?"

కోర్టులో ఇన్ని కబుర్లు చెప్పిన నోరు, చివరికి ఒక్క ముక్క పలికింది. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"ఎప్పటినించి?"

"పై పన్ను దగ్గర్నించి."

క్యాంటీన్‌లో కాఫీ ఇంకా చేతికందనే లేదు, ఆమె ఫోన్ మోగింది. చూసి, అతని చేతిలో పెట్టేసింది. "అత్తయ్య. డెంటిస్టు వద్దని పొద్దున్నే చెప్పేశాను. ఎందుకని అడుగుతోంది. మీరే చెప్పండి."

అతను లేచి నిలబడ్డాడు. జడ్జిగారి ముందు కూడా అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. "నమస్కారం అత్తయ్యగారూ, నేనండీ..."

"పన్ను నొప్పి వకీలువేనా?" అవతలి గొంతు ఖంగుమంది. "ఇంట్లో రోజూ నీ గోలే కదయ్యా! భోజనం దగ్గర కూర్చుంటే చాలు, ఇవాళ వాయిదా ఏమన్నాడంటే అని మొదలు. మేమూ చూడాలిగా ఆ ముఖం? ఎప్పుడొస్తావ్ ఇంటికి?"

"రెండు వారాలు..." అలవాటైన నోరు కదా, జారింది. ఎదురుగా ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"రెండు వారాలా! కుదరదు. రేపు సాయంత్రం రా. ఏమంటావ్?"

అతను ఆమె వంక చూశాడు. ఇన్ని కేసులు వాదించిన జన్మలో మొదటిసారి అనబోతున్న మాట అది.

"అభ్యంతరం లేదండీ."