జరగని తాకిడి

చార్జింగ్‌కు పెట్టిన బస్సు నిండేలోపు సలోమి ఆ రోజు పాఠం పూర్తి చేయాలి. డిపో గోడకు ఆనుకుని, అరచేతి తెరమీద కదలకుండా నిలిచిపోయిన బొమ్మను చూస్తోంది. బొమ్మలో ఒకమ్మాయి బాస్కెట్‌బాల్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని కుడికాలు ముందుకు వేసింది. ఇంకో అమ్మాయి చేతులు చాపి అడ్డంగా నిలబడింది. ఇద్దరి మధ్య ఇంకా జానెడు ఖాళీ ఉంది.

“ముందుఫౌల్. బంతి ఉన్నమ్మాయిది” అంది సలోమి.

తెర పచ్చగా వెలిగి ఇంకో బొమ్మ చూపించింది. ఆ జానెడు ఖాళీ చివరికి ఏమైందో పాఠంలో ఎప్పుడూ చూపించరు. రిఫరీగా చేరిన కొత్తలో సలోమికి అది కథ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు ఉండేది. పోనుపోను అలవాటైంది. బొమ్మ కనబడగానే, ఆట చూసి తీర్పు చెప్పే యంత్రం సమాక్షి ఏమంటుందో తనూ అదే అనడం నేర్చుకుంది. ఆ విద్యకే తాజాదనం అని పేరు.

జీతం లేని కొలువు ఇది. పొద్దంతా బస్సుల బ్యాటరీలతో వేగి, సాయంత్రం వార్డు కోర్టులో పిల్లల వెంట పరుగెత్తి, రెండు వైపుల తల్లిదండ్రుల చేతా మాటలు పడి ఇంటికి చేరాలి. పైగా ఏటేటా తాజా పరీక్ష. సమాక్షి చెప్పిన తీర్పుకూ రిఫరీ ఊదిన ఈలకూ పొందిక కుదరాలి. కుదరకపోతే మణికట్టు మీది తాజాపట్టీ ఎర్రబడుతుంది, ఈల మూగబోతుంది. ఎవరూ బతిమాలి అప్పగించిన పని కాదు, తనంతట తాను నెత్తికెత్తుకున్నదే. మానేయమని ఇంట్లో పోరని రోజు లేదు. మానేద్దామని సలోమికి అనిపించిన రోజూ లేదు.

బస్సు నిండినట్టు గంట మోగింది. ఆమె తీగ ఊడదీసి, డ్రైవరుకు చెయ్యి ఊపి, సంచిలోంచి రిఫరీ చొక్కా తీసింది. ఈ సాయంత్రం పట్టణ బాలికల ఫైనల్. అదే ఆమెకు ఈ ఏటి పరీక్ష కూడా.

ఆమె వెళ్లేసరికి కోర్టు చుట్టూ స్తంభాల మీద సమాక్షి కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆడే పిల్లల బూట్లలో, భుజాల మీద అంటించిన సెన్సార్ గింజలు ఏ కండరం ఎప్పుడు బిగుసుకుందో కూడా దానికి చేరవేస్తాయి. ఎవరు ఎవరిని గుద్దబోతున్నారో గుద్దకముందే లెక్కగట్టి రిఫరీ చెవిపూసలో చెబుతుంది. చెప్పడం వరకే దాని వంతు. యంత్రం మనిషిని దోషి అనకూడదని, ఏ శిక్షకైనా ముందు ఒక మనిషి ఊపిరి పడాలని ఊపిరి నిబంధన ఒకటుంది. అంత పెద్ద నిబంధనా చివరికి సలోమి బుగ్గల్లోకి వచ్చి కూర్చుంది.

“సలోమమ్మా, చూసి ఊదమ్మా ఇవాళ” అన్నాడు స్కోరు బల్ల దగ్గరున్న వీర్రాజు మాస్టారు. బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. “నీ పట్టీ కూడా ఎర్రబడిందనుకో, ఇంక మన వార్డులో తాజా రిఫరీ అన్నవాళ్లే ఉండరు. రిఫరీ లేకపోతే రేపట్నుంచి ఈ కోర్టు దీపాలే వెలగవు. తెలుసు కదా.”

“తెలుసండి. భయపెట్టకండి మాస్టారూ.”

“భయపెట్టడమేంటమ్మా, ఉన్నమాటే కదా చెప్తున్నాను.”

బల్లకు అవతల కుర్చీలో ఫణిధర్ కూర్చున్నాడు. జిల్లా తాజాసంఘం పరీక్షకుడు. మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు, ఒళ్లోని పలక మీంచి కళ్లు ఎత్తడు. సలోమి నమస్కారం పెడితే చిరునవ్వుతో తల ఊపాడు.

ఆట మొదలైంది. మార్కెట్టు జట్టులో ఎనిమిదో నంబరు నజీమా. చిన్నప్పుడు కాలు విరిగి అతుక్కుంది. అప్పటినుంచి వేగం అందుకుంటే ఒళ్లు ఎడమవైపు ఒరిగిపోతుంది. ఊరంతటికీ తెలిసిన ఒరుగుడే. సమాక్షి మాత్రం దాన్ని దూకుడు కింద జమకడుతుంది. నజీమాకు అడ్డుకాసేది కాలవగట్టు జట్టు లిఖిత. సన్నటి పిల్ల. పోయినేడు మోకాలికి ఆపరేషన్ అయింది, నల్లటి పట్టీ ఇంకా తీయలేదు.

నజీమా మొదటిసారి బుట్ట వైపు దూసుకెళ్లగానే సలోమి చెవిలో ఆ తాపీ గొంతు పలికింది. “ముందుఫౌల్. ఎనిమిది.”

సలోమి ఊదింది. మిగతా పిల్లలంతా అప్పటికే కాళ్లు సడలించి నిలబడిపోయారు. ఎవరైనా దూసుకొస్తే ఈల పడుతుందని వాళ్ల ఒళ్లకు అలవాటు. నజీమా ఒక్కతే బంతి పట్టుకుని గాల్లోకి లేవబోయి ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆగలేక దగ్గరికి వచ్చింది.

“మేడం, నేనేం చేశాను?”

“చేయబోయావమ్మా.”

“చేయబోయానని మీరు చూశారా?”

సలోమి వెనక్కి వెళ్లి నిలబడమని చేత్తో చూపించింది. చెంప ఛెళ్లుమనిపించినా అంత నొచ్చుకునేది కాదు. ఆ పిల్ల పొగరుగా అడగలేదు, తెలుసుకుందామని అడిగింది. విరామానికి కాస్త ముందు నాలుగోది కూడా పడింది. ఐదోది పడితే నజీమా బయటికి పోవాలి. ఫైనల్లో ఫౌళ్లతో బయటికి పోయిన పిల్లను రాష్ట్ర శిబిరానికి పంపరు. పదిహేడేళ్లు దాటితే ఆ శిబిరం తలుపులు మళ్లీ తెరుచుకోవు. నజీమాకు పదిహేడు నిండబోతున్నాయి.

విరామంలో సలోమి నీళ్లు తాగుతూ ఫణిధర్ దగ్గరికి వెళ్లింది.

“మీ పొందిక చాలా బాగుందండి. ఒక్కటీ తప్పలేదు” అన్నాడాయన.

“సార్, ఒక మాట అడగొచ్చా? ముందుఫౌల్ అంచనా ఎప్పుడైనా తప్పిందా?”

“లేదండి. ఇదిగో.” పలక ఇటు తిప్పాడు. తప్పిన అంచనాలు అన్న చోట సున్నా ఉంది. “రాష్ట్రం మొత్తం మీద అంతే.”

“తప్పలేదని ఎలా తెలుస్తుందండి? ఈల ఊదగానే ఆట ఆగిపోతుంది కదా.”

“ఆగిపోతుంది. తాకిడి జరగదు. జరగకుండా చూడటమే కదండీ మన పని.” గొంతు ఇంకాస్త తగ్గించాడు. “ఆ పాప మోకాలు చూశారు కదా. మీరు ఊదక అది మళ్లీ తిరగబడితే, ఆ పాపం సమాక్షిది అవ్వదు. మీదవుతుంది.”

ఆయన బెదిరించలేదు, మంచికే చెప్పాడు. సలోమి కోర్టులోకి తిరిగి వచ్చింది గానీ మనసు ఆ సున్నా దగ్గరే చిక్కుకుంది. పాఠంలో ఎన్ని వందల బొమ్మలు చూసి ఉంటుంది తను. ఆ పిల్లలు నిజంగా గుద్దుకునేవారో, ఒడుపుగా తప్పుకునేవారో తనకు తెలియదు. ఫణిధర్‌కూ తెలియదు. సమాక్షికి తెలిసే దారే లేదు, ప్రతిసారీ తనలాంటి వాళ్లు ఊదేస్తున్నారు మరి.

మూడో భాగమంతా నజీమా బుట్ట వైపు వెళ్లలేదు. దూరంనుంచే విసిరింది, బంతి ఇచ్చి తప్పుకుంది. నాలుగో భాగం సగం గడిచేసరికి కాలవగట్టు జట్టు ఒక్క పాయింటు ముందుంది. మార్కెట్టు జట్టు పిల్లలు బంతిని ఎటూ తోచక అటూ ఇటూ మార్చుకుని, చివరికి నజీమా చేతికే ఇచ్చారు. ఆమె ఒక్క క్షణం బంతిని నేలకు కొట్టింది. తరువాత పరుగందుకుంది.

ఒళ్లు ఎడమవైపు ఒరిగింది. ఎదురుగా లిఖిత చేతులు చాపి నిలబడింది, నల్లపట్టీ కట్టిన మోకాలు ముందుకు పెట్టి.

“ముందుఫౌల్. ఎనిమిది.”

సలోమి బుగ్గల నిండా గాలి ఉంది. పెదాల మధ్య ఈల ఉంది. కానీ ఈసారి ఆమె చెవిని వదిలేసి కళ్లతో చూసింది. నజీమా చూపు లిఖిత మీద లేదు. లిఖిత కుడి భుజానికీ గీతకూ మధ్యనున్న సందు మీద ఉంది. పాదం కూడా అటే తిరిగి ఉంది. ఒళ్లు మటుకే అబద్ధం చెబుతోంది. అయినా తను పొరబడితే? ఆ మోకాలు నేలకు కొట్టుకుంటే? ఊపిరి బిగపట్టింది.

“ముందుఫౌల్. ఎనిమిది” అంది గొంతు మళ్లీ. సమాక్షి ఒకే తీర్పును రెండుసార్లు చెప్పడం సలోమి ఎన్నడూ వినలేదు.

నజీమా ఆ సందులోంచి వెళ్లిపోయింది. ఇద్దరి చొక్కాల మధ్య వేలు దూరేంత ఖాళీ మిగిలింది. గాల్లోకి లేచి బంతి వదిలింది. మ్యాచ్‌లో అలాంటి షాట్ చివరిదాకా వేయడం ఆమెకు అదే మొదలు. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు. బంతి రింగుకు తగిలి బయటికి వచ్చి, దొర్లుకుంటూ లిఖిత కాళ్ల దగ్గరికి చేరింది. లిఖిత బంతి తీసుకుందే గానీ కదల్లేదు. ఎవరూ కదల్లేదు. పదిమంది పిల్లలూ రాని ఈల కోసం నిలబడి ఉన్నారు.

ఫణిధర్ కుర్చీలోంచి లేచి గీతదాకా వచ్చాడు. మొదటిసారి ఆయన ముఖంలో రంగు మారింది. పలక ఆమె వైపు పట్టుకున్నాడు. సున్నా ఉన్నచోట ఒకటి ఉంది.

“ఊదండి సలోమి గారూ. ఇప్పుడు ఊదినా ఆలస్యం కింద రాస్తాను. మీ పట్టీ పచ్చగానే ఉంటుంది. ఇది మళ్లీ సున్నా అయిపోతుంది.”

“ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ.”

“తగిలిందా లేదా అన్నది కాదు. ఈ ఒకటి ఇలాగే ఉంటే రేపట్నుంచి ప్రతి రిఫరీ అడుగుతాడు, ప్రతి తల్లీ అడుగుతుంది. ఇన్నేళ్లలో ఊదినవన్నీ తిరగదోడమంటారు. మీరు ఊదినవి కూడా. ఆలోచించుకోండి.”

అది నిజమే. తన ఈలతో బయటికి పోయిన పిల్లలు ఎంతమందో. వాళ్లలో ఎవరి ముఖమూ ఆమెకు గుర్తుకు రాలేదు, అందుకే ఇంకా భయం వేసింది.

“నన్ను తగల్లేదండి” అంది లిఖిత, బంతి పట్టుకునే. ఎవరూ ఆమెను అడగలేదు. “పక్కనుంచి వెళ్లిపోయింది. నిజంగానండి.”

బల్ల దగ్గర వీర్రాజు మాస్టారు బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు. ఊదేయమ్మా అని ఆయన కళ్లు బతిమాలుతున్నాయి. దీపాలు, కోర్టు, సాయంత్రాలు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. సలోమి ఆయన వైపు ఎక్కువసేపు చూడలేకపోయింది. బుగ్గల్లో బిగబట్టిన గాలిని ముక్కులోంచి వదిలేసింది.

“ఆడండి” అంది పిల్లలతో. “ఏం జరగలేదు. ఆడండి.”

మణికట్టు మీద పట్టీ ఎర్రబడింది. ఈలలో ఏదో చిన్నగా మూసుకుంది. చెవిపూసలో అలికిడి ఆగిపోయింది. అన్నేళ్లూ ఆ గొంతు వెనక ఒక సన్నటి రొద ఉండేదని, అది పోయాక గానీ ఆమెకు తెలియలేదు. కోర్టు పలక మీద అక్షరాలు పడ్డాయి: ఊపిరి అందుట లేదు.

పిల్లలు మొదట తడబడ్డారు. తరువాత లిఖిత బంతి కొట్టుకుంటూ ముందుకు కదిలింది, మిగతావాళ్లు కదిలారు. ఆటకు ఒక్కసారిగా ఊపు వచ్చింది. వాళ్లు దగ్గరదగ్గరగా ఆడుతున్నారు, మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో అప్పటికప్పుడు నేర్చుకుంటున్నారు. సలోమి వాళ్ల వెంట పరుగెత్తింది. ఎవరికేమైనా అయితే ఆపడానికి తన దగ్గర ఇప్పుడు ఏమీ లేదు.

మార్కెట్టు జట్టు బంతి లాక్కుంది. నజీమా మళ్లీ దూసుకెళ్లింది. లిఖిత ఈసారి ఆలస్యంగా వచ్చింది. ఆమె మోచెయ్యి నజీమా భుజానికి గట్టిగా తగిలింది, ఆ చప్పుడు బల్లదాకా వినబడింది. ఇద్దరూ నేలమీద పడ్డారు. సలోమి అలవాటు కొద్దీ ఈల నోట పెట్టి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. ఆట ఆపే శబ్దం ఏదీ లేదు. గడియారం నడుస్తూనే ఉంది. బంతి ఇంకో పిల్ల చేతికి చిక్కింది, బుట్ట ఖాళీగా ఎదురుగా ఉంది.

లిఖిత కూర్చుని మోకాలు తడుముకుంది. మెల్లగా వంచి చూసుకుంది. లేచి నిలబడింది. తరువాత చెయ్యి పైకి ఎత్తింది.

“నాదే” అంది. “నేనే కొట్టాను.”

బుట్ట దగ్గరున్న పిల్ల బంతి విసరబోయి ఆగింది. ఒక్కొక్కరే ఆగారు. వీర్రాజు మాస్టారు కాసేపు ఆ ఎత్తిన చేతినే చూసి, బల్ల కిందికి వంగి గడియారం తీగ లాగేశాడు.

“ఆట ఎవరు ఆపారు?” అన్నాడు ఫణిధర్. పలక మీద ఏదో నొక్కాడు, మళ్లీ నొక్కాడు. “ఊపిరి పడకుండా ఫౌల్ ఎలా రాస్తుందండీ ఇది? ఎవరి పేరున రాస్తుంది?”

లిఖిత చెయ్యి అందించి నజీమాను లేపింది. నజీమా భుజం రుద్దుకుంటూ ఫ్రీ త్రో గీత దగ్గరికి నడిచింది. బంతి పట్టుకున్న పిల్ల అది తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మిగతావాళ్లు ఎవరూ చెప్పకుండానే రెండు వైపులా వరసలో నిలబడ్డారు. నిలబడి, అందరూ సలోమి వైపు తిరిగారు. మణికట్టు మీద పట్టీ ఎర్రగా ఉందని వాళ్లకు కనబడుతూనే ఉంది.

సలోమి ఈలను మెడలోంచి తీసి జేబులో వేసుకుంది. రెండు షాట్లని రెండు వేళ్లు ఎత్తి చూపించింది.