కమిలిన చెయ్యి

నాచారంలో ఆ పొద్దున నల్లా వచ్చింది. సంతోషి వాకిట్లో బిందెలు నింపుతోంది. లోపల ఆమె ఆడబిడ్డ మానస తన తల్లి ఉప్పలమ్మ స్నానానికి వేడినీళ్లు తోడింది.

అమ్మ పడిందనీ, కుడి భుజం కింద ఎముక విరిగిందనీ మానసకు వాళ్లన్న మహిపాల్ ఫోన్ చేసి వారమైంది. సమ్మెతో బస్సులు ఆగిపోయి మానస ఘట్‌కేసర్ నుంచి వెంటనే రాలేకపోయింది. నిన్న సాయంత్రమే ఎవరి బండి మీదో ఉప్పల్ దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కి ఇల్లు చేరింది.

మెడకు కట్టిన పట్టీలో చెయ్యి కదలకుండా తల్లి రవిక విప్పి, మానస ఆగిపోయింది. భుజం నుంచి మోచేతి దాకా చర్మం నల్లగా కమిలి ఉంది. ఆ నలుపు చంక కింద నుంచి పక్కకు కూడా పాకింది.

"ఏందమ్మా ఇది?"

"ఏం లేదు బిడ్డా. నల్లా కాడ పీట మీద కూసోబోయి జారిన. చెయ్యి ఆన్చుకున్న, గంతే."

"గింత దానికే బొక్క ఇరుగుతదా? గిట్ల కములుతదా?"

ఉప్పలమ్మ తల దించుకుంది. పడినందుకు సిగ్గుపడుతోంది ఆమె. మానసకు అది భయంలా కనిపించింది.

తడి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది.

"వదినా, అమ్మను ఏం జేసినవ్?"

సంతోషి బిందె కింద పెట్టింది. "ఏం జేసుడేంది?"

"పోయిన నెల టీవీ కాడ మీ ఇద్దరికి లొల్లయిందట గద. నూకినవా? కొట్టినవా?"

"జర మెల్లగ మాట్లాడు. మంది ఇంటున్నరు."

"ఇననీ. మంది ఇనాలె!"

గోడ అవతల పక్కింటి తారామణి నీళ్లు పట్టడం మానేసి నిలబడింది. మహిపాల్ సగం గీసిన గడ్డంతో బయటికి వచ్చాడు. సంతోషి భర్త ముఖంలోకి చూసింది, ఒక్క మాట అంటాడేమోనని.

"నేను డ్యూటీల ఉన్న. నేనైతే సూడలే" అన్నాడతను.

సంతోషి నల్లా కట్టేసింది. బిందె సగమే నిండింది.

"ఇయ్యాల డాక్టర్ రమ్మన్నడు గద. సూపిచ్చి, అటునుంచి అటే అమ్మను మా ఇంటికి తీస్కపోత" అంటూ మానస లోపలికి వెళ్లి, తల్లికి చీర చుట్టి, లేపడానికి ఎడమ రెక్క పట్టి గుంజబోయింది.

"రెక్క వట్టకు! అది గూడ ఇరుగుతది" అని సంతోషి ఉరికి వచ్చింది. అత్త నడుం చుట్టూ చెయ్యి వేసి మెల్లగా లేపింది. ఉప్పలమ్మ అలవాటైన దానిలా ఆమె మీదికి ఒరిగింది.

ఎవరూ పిలవకపోయినా సంతోషి కూడా ఆటో ఎక్కింది.

ఉప్పల్ దవాఖానాలో డాక్టరు చలపతిరావును మానస నిలదీసినట్టే అడిగింది. "నిజం చెప్పున్రి సార్. ఇవి కొట్టిన దెబ్బలే గద?"

"కాదమ్మా. విరిగిన చోట కారిన రక్తం చర్మం కింద నుంచి మెల్లగా దిగుతుంది. అదే ఈ నలుపు." ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టాడు. "ఎముక చూడండి, ఎంత గుల్లబారిందో. దీనికి పీట ఎత్తు చాలు. ఏమ్మా, గర్భసంచి తీశారా మీకు?"

"తీసిన్రు సారూ. అప్పుడు మా మానస రెండో తరగతిల ఉండె. నెలనెల నొప్పితోని కంపెనీకి నాగాలైతుండె. తీపిచ్చుకుంటే పీడ వోతదన్నరు."

"అండాశయాలు కూడా తీసేసి ఉంటారు. అంత చిన్న వయసులో తీస్తే ఎముకలు ముందే బలం పోగొట్టుకుంటాయి."

ఆ ఆపరేషన్‌కు ముందటి ఎండాకాలం మానసకు గుర్తుంది. కడుపు పట్టుకుని కంపెనీకి బయల్దేరిన అమ్మ కుడిచేతికి వేలాడి, తను గేటు దాకా ఏడుస్తూ నడిచింది. అమ్మ ఒక్కసారీ చెయ్యి విడిపించుకోలేదు.

ఉప్పల్ చౌరస్తాలో ఆటో అతను వెనక్కి తిరిగాడు. "అక్కా, ఘట్‌కేసర్ అన్నరు గద?"

"నాచారమే పోనీ అన్నా" అంది మానస.

ఇంటికి వచ్చాక సంతోషి అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, సగం నిండిన బిందె దగ్గరికి వెళ్లింది. మానస వెనకాలే వచ్చింది.

"తప్పయింది వదినా."

"ఏమైంది వదినా అని ఒక్క మాట అడిగితే చెప్తుంటి గద మానసా. నువ్వు అడగలే. మీ అన్న గూడ అడగలే." సంతోషి గోడ వైపు చూసింది. "నలుగురు ఇన్నరు."

మానస గోడ దగ్గరికి నడిచింది. "తారామణక్కా!" అని పొద్దుటి గొంతుతోనే పిలిచింది. "మా వదిన ఏం జెయ్యలే. మా అమ్మ బొక్కలే గుల్లయినయట. పొద్దున నేనన్నది తప్పు." గుమ్మంలో మహిపాల్ తల వంచుకుని నిలబడ్డాడు.

"సంతోషీ, ఇటు రా బిడ్డా" అని లోపలి నుంచి ఉప్పలమ్మ పిలిచింది.

కోడలు ఎదురుగా నిలబడగానే పట్టీలోంచి కుడిచెయ్యి ఎత్తబోయింది. వేళ్లు రొమ్ము దాకా లేచి ఆగిపోయాయి. ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. కానీ దీవించడానికి ఎడమ చెయ్యి ఎవరి తల మీదా పెట్టదామె.

సంతోషి నేల మీద కూర్చుంది. ఆ వేళ్లు ఎక్కడి దాకా లేవగలవో అక్కడికి తన తలను వంచింది. మానస చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.